ఇంగొకటి ఉండాది సార్

కోలారు నుంచి నరసాపుర ఫ్యాక్టరీల వైపు పోయే బస్సు సాయంత్రంపూట ఎక్కితే, నా పాత విద్యార్థి ఎవడో ఒకడు కనిపించకుండా ఉండడు. ముప్ఫయ్యెనిమిదేళ్ళు పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పినవాడికి ఆ మాత్రం ఆస్తి మిగులుతుంది. లేచి సీటిస్తారు. టికెట్టు తామే తీస్తామని కండక్టరుతో పోట్లాడతారు. 2014లో, నేను రిటైరైన మరుసటి ఏడు, అట్లాగే ఒకడు లేచి నిలబడ్డాడు. కంపెనీ యూనిఫారం, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. మెకానికల్‌లో డ్రాయింగంటే ప్రాణం పెట్టినవాడు. 2006లో డిప్లొమా అయ్యాక లాటరల్ ఎంట్రీలో బి.ఇ. రెండవ సంవత్సరంలో సీటు తెచ్చుకున్నాడు. ఆ రోజు వాళ్ళ అమ్మ పంపిన మైసూరుపాకు స్టాఫ్ రూములో నేనే అందరికీ పంచాను.

"బాగుండారా సార్?" అన్నాడు.

"బాగున్నాను నాయనా. ఇంజనీరువై ఎన్నాళ్ళయింది?" అన్నాను ఉత్సాహంగా.

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "అన్నీ అయిపోయినాయి సార్. ఇంగొకటి ఉండాది."

"ఏది?"

"డిప్ మ్యాత్స్ సార్. ఇప్పుడింక గడువు కూడా అయిపోయింది."

ఆ మాట తర్వాత మా ఇద్దరికీ మాటలు దొరకలేదు. నరసాపుర రాగానే వాడు దణ్ణం పెట్టి దిగిపోయాడు.

డిప్ మ్యాత్స్ అంటే ఏమిటో చదువరులకు చెప్పాలి. మన కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ అయ్యాక మూడేళ్ళు డిప్లొమా చదివినవారు, డిసెట్ అనే పరీక్ష రాసి ఇంజనీరింగులో నేరుగా రెండవ సంవత్సరంలో, అంటే మూడవ సెమిస్టరులో చేరవచ్చు. ఆంధ్ర, తెలంగాణాల్లో దీన్నే ఈసెట్ అంటారు. తమిళనాడులోనూ మహారాష్ట్రలోనూ డిప్లొమా మార్కులను బట్టే సీటు ఇస్తూ వచ్చారు. ఒడిశావారికి ఒజెఇఇలో దీనికొక భాగం ఉంది. యానాం పిల్లలు పుదుచ్చేరి సెంటాక్ ద్వారా పోతారు. పేర్లు వేరైనా దారి ఒకటే. పియుసి చదివి వచ్చిన పిల్లలు మొదటి సంవత్సరంలో నేర్చుకున్న గణితం వీళ్ళకు ఉండదు కాబట్టి, 1998లో బెళగావిలో ఏర్పడిన మా విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం లాటరల్ పిల్లలకు మూడు, నాలుగు సెమిస్టర్లలో అదనంగా రెండు గణితం పేపర్లు పెట్టింది. వాటి కోడులో 'మాట్‌డిప్' అని ఉండేది. పిల్లల నోట అది డిప్ మ్యాత్స్ అయింది. స్కీము మారినప్పుడల్లా పేరూ మారింది గానీ, చాలా ఏళ్ళు దాని తమాషా ఒకటే: ఆ మార్కులు మొత్తంలో కలవవు, కానీ పాసు కాకపోతే పట్టా చేతికి రాదు. మార్కులు కలవని పేపరును ఏ పిల్లవాడు ముందు చదువుతాడు? తర్వాత చూద్దాం అంటాడు. తర్వాత, ఆ తర్వాత. చివరికి అదొక్కటే మిగులుతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి డిప్లొమా మొదటి ఏడు గణితం చెప్పింది నేనే. నేను మెకానికల్ మేష్టారిని. గణితం చెప్పే ఆయన బదిలీ అయిపోతే, కొత్తవారు వచ్చేదాకా అని ఆ క్లాసు నాకు అంటగట్టారు. ఆ 'వచ్చేదాకా' నాలుగేళ్ళు సాగింది. నేను చెప్పినదేమిటి? పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ఏ లెక్క ఎన్నిసార్లు వచ్చిందో చూసి, సూత్రం బోర్డు మీద రాసి, "ఇది బట్టీ పట్టండి, పది మార్కులు గ్యారంటీ" అన్నాను. పిల్లలు పాసయ్యారు. ఫలితాల శాతం చూసి ప్రిన్సిపాలు మెచ్చుకున్నారు. అప్పటి పాఠ్యక్రమంలో మొదటి ఏడుతో గణితం సరి. మిగతా రెండేళ్ళు పిల్లలు దాని ముఖం చూడరు. రెండేళ్ళ తర్వాత బి.ఇ.లో అడుగు పెడితే, మొదటి వారంలోనే ఫోరియర్ సిరీస్ వచ్చి మీద పడుతుంది. పక్కనున్న పియుసి పిల్లలు తల ఊపుతుంటారు. వీడు నోట్సు రాసుకుంటాడు.

మా వైపు పిల్లలకు ఇంకో చిక్కుంది. చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, బాగేపల్లి – ఈ తాలూకాలలో ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. డిప్లొమాకు వచ్చేసరికి పుస్తకం ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ పిల్లవాడు మాట్లాడగలడు, దేనిలోనూ సందేహం అడగలేడు. కె.జి.ఎఫ్. నుంచి వచ్చేవాళ్ళకు తమిళం కూడా కలుస్తుంది. 2001 ఫిబ్రవరిలో బంగారు గనులు మూసేశాక ఆ ఊరి బిడ్డలు చాలామంది మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనులకు పోవడం మొదలుపెట్టారు. వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు డిప్లొమాకు వచ్చారు. మూడేళ్ళలో చేతికి ఉద్యోగం వచ్చే చదువు అదొక్కటే కదా.

విశ్వేశ్వరయ్యగారి పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆయన పుట్టింది మా పక్క చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరు ఊరు మోక్షగుండం మాత్రం ఆంధ్రదేశంలో ఉంది. సెప్టెంబరు 15న ఆయన పటానికి దండ వేసి, ఆయన మనవాడేనని మనం ఉపన్యాసాలిస్తాం. ఆ వేదికల మీద నేనూ మాట్లాడాను. ఆ పేరున్న విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లవాడు ఏ పేపరు దగ్గర ఆగిపోతున్నాడో మాత్రం 2014 దాకా నేను ఆలోచించలేదు.

ఆలోచించాను గానీ ఏం చేయాలో తెలియలేదు. రెండేళ్ళు ఊరికే గడిచాయి. తెలిసింది ఎక్కడంటే, చెప్తే నవ్వుతారు, కాలిఫోర్నియాలో.

2016లో మనవడిని చూసుకోవడానికి నేనూ మా ఆవిడా అమెరికా వెళ్ళి ఆరు నెలలున్నాం. మా అమ్మాయి శాన్ హొసే దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో గణితం చెప్తుంది. అమ్మమ్మ ఉన్న ఇంట్లో తాతకు పనేముంటుంది? పిల్లవాడు నా దగ్గరికి వస్తే ఏడుపు. అందుకని అమ్మాయి నన్ను తనతో కాలేజీకి తీసుకుపోయి లైబ్రరీలో కూర్చోబెట్టేది.

కమ్యూనిటీ కాలేజీ అంటే మన ఊరి డిగ్రీ కాలేజీ వంటిదనుకున్నాను. కాదు. అక్కడ ఎవరైనా చేరవచ్చు, వయసుతో పని లేదు. ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. మిగతా కాలేజీలతో పోలిస్తే అది చాలా తక్కువట. రెండేళ్ళు చదివి విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరానికి మారవచ్చు. దీన్ని వాళ్ళు ట్రాన్స్‌ఫర్ అంటారు. 1960లోనే ఆ రాష్ట్రం ఉన్నత విద్యకు ఒక పెద్ద ప్రణాళిక వేసుకుని, అందులో ఈ దారి గీసి పెట్టింది. అట్లాంటి కాలేజీలు ఇప్పుడు 116 ఉన్నాయి. విద్యార్థులు సుమారు 20 లక్షలు. చేరేటప్పుడు ఎక్కువమంది పైకి పోవాలనే చేరతారు. పోయేవాళ్ళు తక్కువ. ఇంజనీరింగుకూ విజ్ఞానశాస్త్రాలకూ పోయేవాళ్ళు, అందునా నల్లజాతివారూ మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్లలూ, ఇంకా తక్కువ. ఇది విన్నప్పుడు నాకు బస్సులో చూసిన ముఖం గుర్తుకొచ్చింది. మన లాటరల్ ఎంట్రీకి ఇది అక్కే అనుకున్నాను.

లైబ్రరీ పక్కన ఒక గది ఉండేది. తలుపు మీద 'మేసా' అని బోర్డు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ "ఏం మేశారు?" అని నవ్వింది. అది గణితం, ఇంజనీరింగు, సైన్సు, సాధన అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. 1970లో ఓక్లండ్‌లో ఒక హైస్కూలులో మొదలైన కార్యక్రమమట. స్పానిష్‌లో మేసా అంటే బల్ల. గది నిండా బల్లలే. ఒక్కో బల్ల చుట్టూ నలుగురైదుగురు. ఒక అమ్మాయి ఉదయం బేకరీలో పనిచేసి వస్తుంది. ఒక కుర్రవాడి తల్లి వాట్సన్‌విల్ వైపు స్ట్రాబెర్రీ తోటల్లో కూలి. ఒక పెద్దాయన పట్టాళంలో పనిచేసి వచ్చాడు. అందరూ ఒకే లెక్క మీద పోట్లాడుకుంటున్నారు. గురువు కనబడడు. మొదటిరోజు నాకు చిరాకు వేసింది. క్లాసంటే నిశ్శబ్దంగా ఉండాలని నమ్మినవాణ్ణి నేను.

ఇంటికి పోతూ కారులో అడిగితే అమ్మాయి ఒక కథ చెప్పింది. 1970లలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితం ఆయన ఉండేవాడు. కాల్క్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎందుకు ఎక్కువగా తప్పుతున్నారని తోటి అధ్యాపకులను అడిగాడు. పట్టుదల లేదనీ, పునాది లేదనీ, ఇంట్లో చదువు లేదనీ, డబ్బు లేదనీ తలా ఒకటి చెప్పారు. ఈయన 20 మంది నల్లజాతి పిల్లలనూ, 20 మంది చైనా సంతతి పిల్లలనూ వెంట ఉండి గమనించాడు. అధ్యాపకులు చెప్పినవేవీ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు ఒళ్ళు దాచుకోకుండా చదువుతున్నారు, కానీ ఒక్కొక్కరూ ఒంటరిగా. చైనా పిల్లలు మొదట ఒంటరిగా చదువుకుని, సాయంత్రం ఒకచోట చేరి లెక్కలు సరిచూసుకుంటున్నారు, ఒకరి తప్పు మీద ఇంకొకరు నవ్వుకుంటున్నారు. పరీక్షలో ఎట్లాంటివి వస్తాయో, ఏ తప్పు అందరూ చేస్తారో వాళ్ళకు ముందే తెలుస్తోంది. మొదటివాళ్ళకు తన కష్టం తనొక్కడిదే అనిపిస్తోంది. ట్రైస్‌మన్ అప్పుడు అందరినీ బల్లల చుట్టూ కూర్చోబెట్టాడు. వెనకబడ్డారు కదా అని సులువు లెక్కలివ్వలేదు, క్లాసులో వచ్చేవాటికంటే కష్టమైనవి ఇచ్చాడు. వాళ్ళు బాగా పాసయ్యారు.

"నాన్నా, మీ క్లాసులో ఎవరు ఎవరితో చదివేవారో మీకు తెలుసా?" అని అడిగింది అమ్మాయి. నాకు తెలియదు. హాజరు పట్టీలో వరస తెలుసు, అంతే.

ఆ గదిలో ఇంకొకటి చూశాను. ఏ కాలేజీలో చదివిన ఏ పాఠం ఏ విశ్వవిద్యాలయంలో ఏ పాఠానికి సరిపోతుందో చూపే పట్టిక ఉంది, దాని పేరు అసిస్ట్. పిల్లలు మొదటి నెలలోనే దాన్ని ముందేసుకుని రెండేళ్ళ లెక్క వేసుకుంటారు. మారినవాళ్ళు కొత్తచోట మొదటి సెమిస్టరులో మార్కులు పడిపోయి బెంబేలెత్తడం అక్కడా ఉంది. దానికి 'ట్రాన్స్‌ఫర్ షాక్' అని 1965లోనే పేరు పెట్టారట. పేరు పెట్టుకున్న జబ్బుకు సిగ్గుపడనక్కరలేదు. మా పిల్లలకు ఆ సదుపాయం కూడా లేదు.

అక్కడంతా బంగారమని చెప్పడం లేదు. వడ్రంగం చేసే ఒకాయన, ముప్ఫైకి పైబడిన మనిషి, ప్రవేశ పరీక్షలో తక్కువ వచ్చిందని భిన్నాల క్లాసులో కూర్చునేవాడు. టేపు మీద అంగుళంలో పదహారో వంతులు కళ్ళు మూసుకుని చెప్పగలడు. అటువంటివాణ్ణి కింది మెట్టు నుంచి మూడు నాలుగు సెమిస్టర్లు ఎక్కి రమ్మంటే, మధ్యలో ఇంటి అద్దె అడ్డం వస్తుంది. నేను తిరిగొచ్చాక 2017లో ఆ రాష్ట్రం చట్టం చేసి, నిజంగా తప్పదనుకుంటే తప్ప పిల్లలను అట్లాంటి క్లాసుల్లోకి తొయ్యరాదంది. ఆయన అప్పటికి చదువు మానేశాడని అమ్మాయి చెప్పింది.

కోలారుకు వచ్చి మన సంఘం కార్యదర్శిగారిని హాలు అడిగాను. ఆదివారం ఉదయాలు.

"ఆదివారాలే కదా మేష్టారూ సీమంతాలూ నిశ్చితార్థాలూ. హాలు అద్దెతోనే సంఘం నడిచేది" అన్నారాయన. ఆయన మాటా తప్పు కాదు. చివరికి ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒప్పుకున్నారు. ఆ రోజు ఫంక్షన్ ఉంటే వెనక వంటశాల పక్క షెడ్డులో. పులిహోర పోపు వాసనలో టేలర్ సిరీస్ చెప్పడం ఒక అనుభవం. సందర్భం వచ్చింది కాబట్టి అనేస్తాను, మన్నించాలి. మన సంఘం ప్రతి ఏటా ప్రతిభా పురస్కారాలు ఇస్తుంది, ఎస్సెస్సెల్సీకీ పియుసికీ. డిప్లొమాకు ఒక్క విభాగం లేదు. నేను కమిటీలో పన్నెండేళ్ళున్నాను, నాకూ తోచలేదు.

మొదటి ఆదివారం 11 మంది వచ్చారు. తెలుగు ఇళ్ళ వాళ్ళే అని నియమం పెట్టలేదు. ఇద్దరు కన్నడంవాళ్ళు, కె.జి.ఎఫ్. తమిళ పిల్లవాడు ఒకడు. నలుగురికొక లెక్క ఇచ్చి, పాత క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి ఇచ్చి, దూరంగా కూర్చున్నాను. ఎవరూ నోరు తెరవలేదు. గంట చూశాను. ఆగలేక లేచి నేనే చెప్పేశాను, వాళ్ళు రాసుకున్నారు. రెండవ ఆదివారమూ అంతే. మూడవ ఆదివారానికి ఏడుగురు మిగిలారు. కాలిఫోర్నియా బల్ల కోలారులో కాళ్ళు విరిగి పడిందనుకున్నాను.

నాలుగవ ఆదివారం ఒక కాగితం తీసుకుపోయాను. నలభై ఏళ్ళుగా బీరువా అడుగున, పెళ్ళినాటి పంచె మడతల్లో దాచినది. నేనూ డిప్లొమావాణ్ణే. 1973లో అయింది. ఆ రోజుల్లో ఉద్యోగం చేసుకుంటూ ఇంజనీరు కావాలంటే ఎ.ఎమ్.ఐ.ఇ. పరీక్షలు రాయాలి. సెక్షన్ ఎ, సెక్షన్ బి. ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకుని రాసేవాళ్ళం. గణితం రెండుసార్లు తప్పాను. ఆ చీటీ అది. మూడోసారి పాసయ్యాక అందరికీ ఆ మూడోదే చూపించాను. మా ఆవిడకు కూడా తెలియదు. ఆ చీటీని పిల్లల చేతుల్లో పెట్టాను. ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఒక అమ్మాయి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివి, "మీరు కూడానా సార్?" అంది.

కాసేపటికి కె.జి.ఎఫ్. పిల్లవాడు అన్నాడు. "సార్, నాకు లాగరిథం అంటే ఏమో తెలీదు సార్. అరవై మూడు మార్కులొచ్చినాయి గానీ, తెలీదు." పక్కవాడు "నాకూ తెలీదు" అన్నాడు. అప్పటినుంచి ఆ హాలులో నిశ్శబ్దం అనేది నేను చూడలేదు. తెలుగు, కన్నడం, తమిళం కలిపి మాట్లాడతారు, కాగితం మీద ఇంగ్లీషులో రాస్తారు. నా పని తప్పు జరిగేదాకా ఓపిక పట్టడం. అది పాఠం చెప్పడంకన్నా కష్టమైన పని.

"మీరు కూడానా" అన్న అమ్మాయి శిడ్లఘట్ట వైపు పల్లె నుంచి వచ్చేది. అప్పుడు డిప్లొమా మొదటి ఏడు. ఇంట్లో పట్టుపురుగులు. డెరివేటివ్ అంటే ఏమిటని నేను బోర్డు మీద గీతలు గీస్తుంటే, ఆ పిల్ల ఒకనాడు పక్కవాళ్ళకు చెప్పడం విన్నాను. "పురుగు ఎంత లావుందో అది ఎఫ్. దినానికి ఎంత లావవుతుందో అది డెరివేటివ్. నాలుగో జ్వరం లేచినాక చూడు, పురుగు సైజు చూసి ఆకు తెస్తే చాలదు, అది పెరిగే స్పీడు చూసి తేవల్ల." పట్టుపురుగు కుబుసం విడిచే ముందు ఆకు తినకుండా కదలక పడుకునే దశను మా వైపు జ్వరమంటారు. నాలుగు జ్వరాలు. గుడ్డు పగిలిన నాటినుంచి ఇరవై అయిదు రోజుల్లో పురుగు బరువు దాదాపు పదివేల రెట్లవుతుంది. మొత్తం తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నాలుగో జ్వరం తర్వాతే తింటుంది. ఆ వారంలో ఆకు చాలకపోతే అప్పు మిగులుతుంది. ఆ ఇంటి పిల్లకు డెరివేటివ్ ఏమిటో నేను చెప్పాలా? ముప్ఫయ్యెనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆ ఉదాహరణ నాకు తోచలేదు. పల్లె పిల్లలకు ఏమీ రాదన్న లెక్కతోనే నేను క్లాసులోకి పోయేవాణ్ణి.

ఇంతలో బస్సులో కలిసినవాడి కోసం వెతికించాను. నంబరు దొరికింది. ఒక ఆదివారం రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, కళ్ళు ఎర్రగా. "నేను లెక్కలు చెప్పలేను సార్. కానీ ఏమేం జరుగుతుందో చెప్తా" అన్నాడు. చెప్పాడు. మొదటి ఇంటర్నల్ ఎప్పుడు వస్తుంది, లాటరల్ వాళ్ళు క్లాసులు మొదలైన తర్వాత చేరతారు గనుక పోయిన పాఠాలు ఎవరిని అడగాలి, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలి, రీవాల్యుయేషన్‌కు ఎన్నాళ్ళు గడువు. చివరికి సుద్ద తీసుకుని బోర్డు మీద రాశాడు: 'డిప్ మ్యాత్స్ మొదటి సారే'. దాని కింద రెండు గీతలు. "మార్కులు లెక్కకు రావు కదా అని నేను ఇడిసిపెట్టినా. మీరు ఇడవొద్దు" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. కాలిఫోర్నియావాళ్ళ అసిస్ట్ పట్టిక నాకు ఆ రోజు గుర్తుకొచ్చింది.

2019లో శిడ్లఘట్ట అమ్మాయి డిప్లొమా అయింది. డిసెట్‌లో బెంగుళూరులో మంచి కాలేజీ వచ్చే ర్యాంకు వచ్చింది. అదే నెలలో ఒక కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది, నెలకు 13 వేలు. ఒక సాయంత్రం వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. కాఫీ ముట్టుకోలేదు.

"సార్, ఇద్దరు పిల్లలుండారు దీని వెనక. పదమూడు వేలు మా ఇంటికి చిన్న మాట కాదు. మూడేండ్లు ఆ దుడ్డు పోతుంది, పైన హాస్టలు ఖర్చు. అన్నీ అయినాక ఉద్యోగం వస్తుందా? మీరు చెప్తే పంపిస్తా. మీరు పూచీనా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా ఉపన్యాసం ఉంది. చదువు గొప్పది, స్త్రీ విద్య, ఇంకా ఏవేవో. ఆయన ముఖం చూసి అవేవీ నోట రాలేదు. ఆయన అడిగింది లెక్క. పదమూడు వేలు ముప్ఫయ్యారు నెలలకు నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలు. ఆ పక్కన నా మాట. నేను నిజం చెప్పాను: ఉద్యోగానికి నేను పూచీ కాదు, మధ్యలో పిల్ల ఒంటరిది కాకుండా చూడడానికి పూచీ. ఆయన చాలాసేపు నేల చూశాడు. "సరే సార్" అని లేచాడు. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి వెళ్ళాడు.

మూడవ సెమిస్టరులో డిప్ మ్యాత్స్ మొదటి సారే పాసయింది. నాకు ఫోను చేసి అరిచింది. నాలుగవ సెమిస్టరు సగంలో, 2020 మార్చిలో, లాక్‌డౌన్ వచ్చింది. హాస్టలు ఖాళీ చేయించారు. పల్లెలో ఇంట్లో ఒకటే ఫోను, తమ్ముడి క్లాసులూ అందులోనే. సిగ్నలు కోసం మల్బరీ తోట గట్టు ఎక్కాలి. పట్టుగూళ్ళ ధర కూడా అప్పుడే పడిపోయింది. మా ఆదివారం హాలు మూతపడింది. పూచీ ఉన్నవాణ్ణి ఫోనులో లెక్కలు చెప్పబోయాను. ఆ తెర మీద నాకు ముఖాలు కనబడేవి కావు, తప్పు ఎక్కడ జరుగుతోందో తెలిసేది కాదు. అయిదవ సెమిస్టరులో రెండు సబ్జెక్టులు పోయాయి. ఒక నెలంతా ఫోను ఎత్తలేదు. నేనెన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చివరికి నరసాపుర కుర్రవాడు చేస్తే ఎత్తిందట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనడగలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆ ఇద్దరూ, ఇంకో ముగ్గురూ కలిసి ఫోనులోనే లెక్కలు మొదలుపెట్టారు. నన్ను పిలవలేదు. అది నాకు కొంచెం బాధ కలిగించిన మాట నిజం, దాచడమెందుకు.

పట్టా 2022లో రావలసింది, 2023లో వచ్చింది. ఒక ఏడు ఎక్కువ. ఆ ఏడు ఖర్చు వాళ్ళ నాన్న ఎట్లా తెచ్చాడో నాకు తెలుసు. రోడ్డు పక్క అర ఎకరం ఇప్పుడు వాళ్ళది కాదు. అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. తమ్ముణ్ణి చదివిస్తోంది. నెలకొక ఆదివారం తొలి బస్సుకు వచ్చి హాలులో కూర్చుంటుంది. వాళ్ళ నాన్న నాకు ఎదురుపడితే నమస్కారం పెడతాడు. అర ఎకరం మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తలేను.

ఇప్పటికి హాలుకు వచ్చి లాటరల్‌లో చేరినవాళ్ళు ఇరవై ముగ్గురు. అందరూ గట్టెక్కలేదు. నలుగురు మధ్యలో ఆగారు. ఒకడు తండ్రి పోయి, ఒక అమ్మాయి పెళ్ళి కుదిరి, ఇద్దరు నాకు అంతుబట్టని కారణాలతో. సంఘం పోయిన ఏడు డిప్లొమావాళ్ళకూ ఒక పురస్కారం పెట్టింది. కార్యదర్శిగారు మా కోసం షెడ్డులో రెండు ఫ్యాన్లు వేయించారు.

మొన్నటి ఆదివారం గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. ముళబాగిలు వైపు టమోటా రైతు. కొడుకు లోపల ఉన్నాడు. "సార్, ఉద్యోగానికి పంపేదా, చదువుకు పంపేదా? అందరూ మిమ్మల్నే అడగమన్నారు. మీరు చెప్పినట్టే చేస్తా" అన్నాడు.

ఒక ఏడు ఆలస్యంగా గట్టెక్కిన అమ్మాయి సంగతి చెప్పాను. అర ఎకరం సంగతీ చెప్పాను. ఒక్క పేపరు మిగిలిపోయి, పట్టా రాకుండా పోయిన మనిషి సంగతి కూడా చెప్పాను.

"ఆయన లోపలే ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. వెళ్ళి మీరే అడగండి" అన్నాను.

ఆయన చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, లోపలికి పోయాడు.